రెండు వీపుల పేక

ఇరవై ఆరేళ్ళుగా పేకలు పోగేస్తున్నాను, ఆడటానికి కాదు.
మాది పియాచెంజా.
సంచిలో ఎప్పుడూ తెల్ల తొడుగులు, ఒక భూతద్దం, ఒక కొలబద్ద.

బ్రెష్యా ముక్క ఎంత సన్నమో
కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో చెప్పగలను.
ట్రెవీజో ఆసులు నీతులు చెబుతాయి.
"గుండె లేనివాడివైతే నన్ను నమ్ముకోకు" అంటుంది కత్తి,
"అదృష్టం అడ్డం తిరిగాక తెలివి దేనికి" అంటుంది నాణెం.
పాత నాణేల ఆసు మీద పన్నుముద్ర ఉంటుంది,
నల్లగా, సర్కారు బొటనవేలిలా.
ఇవన్నీ నాకు తెలుసు.
నాకు తెలుసన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టదు.

ట్రియెస్తే నుంచి రెండు ముక్కల ఉత్తరం:
"మా ఆయన పేక ఉంది. వచ్చి చూడండి. నివెస్."
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
బోరా గాలి మెట్ల కిటికీని అప్పులవాడిలా బాదుతోంది.

బల్ల మీద బిస్కెట్ల డబ్బా పెట్టింది.
తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి మూత తీశాను.
బిస్కెట్లే.
"అవి తినడానికి" అందావిడ.
పేక ఉన్ని మేజోడులోంచి తీసింది.

లెక్కపెట్టాను. నలభై.
ఇరవై రెండు నేపుల్స్‌వి, పద్దెనిమిది ట్రియెస్తేవి.
కొన్ని వీపులు ఎరుపు, కొన్ని నీలం.
"ఇది పేక కాదండీ" అన్నాను.
"మరి ముప్పై ఎనిమిదేళ్ళు మేం ఆడిందేమిటి?"

అనియెల్లో రేవులో క్రేను నడిపేవాడట.
దక్షిణాది నుంచి ఒక కోటు, ఒక పేకతో వచ్చాడు.
కర్రల మూడులో మీసాల ముఖమొకటి ఉంటుంది కదా,
అచ్చం అత్తగారిలా ఉందని
పెళ్ళయిన మూడో నెల పొయ్యిలో వేసింది.
బదులు తన పేకలోంచి ఒకటి తెచ్చి ఇచ్చింది.
అలా మొదలు.
ఒకదాన్ని కుక్క నమిలింది.
ఒకటి బల్లకోడు కిందికి వెళ్ళి ఇక రానంది.
ఒకటి పక్కింటి పిల్లాడి సైకిలు చువ్వల్లో
టపటపలాడి టపటపలాడి చచ్చింది.

"మా ముక్కలకి నడుం మీద పేరు రాసి ఉంటుంది, చూడండి.
ఆయనవి పేరు చెప్పవు, మనమే పోల్చుకోవాలి.
మా కత్తులు వంకర, ఒకదాన్లో ఒకటి అల్లుకుంటాయి.
ఆయనవి నిటారు, దేనికదే.
పోట్లాటలూ అంతే.
నేను పెళ్ళినాటి మాట తెచ్చి
నేటి సూపులో కలిపేదాన్ని.
ఆయనకి పొద్దుటిది పొద్దుటితో సరి."

రాణి లేని ఆట మాది.
నేపుల్స్‌వాళ్ళు బంటునే ఆడది అంటారు.
గిన్నెల బంటు దిగినప్పుడల్లా
"ఇదిగో నువ్వొచ్చావు" అనేవాడట.
"ఒళ్ళు మండేది" అంది.
తర్వాత బిస్కెట్ పొడి అరచేత్తో కూడదీసింది,
చాలాసేపు.

"వీపులు వేరుగా ఉంటే
ఎదుటివాళ్ళ చేతిలో ఏముందో తెలిసిపోదూ?" అడిగాను.
"తెలిసిపోతుంది.
మూల విరిగిన ఎరుపు కత్తుల ఆరు.
కాఫీ మరక గుర్రం.
నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు."
"మరి ఆటేముంది అందులో?"
జవాబు చెప్పకుండా పంచింది. మూడు నాకు, మూడు తనకి,
నాలుగు బల్ల మీద.

ముక్కలు బల్ల కిందికి దించాను.
"దాచకండి. ఆయనా మొదటి ఏడాది అలాగే దాచేవాడు."

చివరికి నా చేతిలో ఒక్కటే మిగిలింది.
బల్ల ఖాళీ.
"నాణేల ఏడు. వేసెయ్యండి.
నా దగ్గరున్నది గిన్నెల ఏడని మీకూ తెలియాల్సింది,
చూడండి, ఎంత నలిగిందో."
వేశాను.
స్కోప అంటే చీపురు. ఊడ్చుకుపోయింది.

పుస్తకంలో "ఏ ఊరిది" అన్న గడి దగ్గర
కలం ఆగిపోయింది.
వెల అడగలేదు నేను. ఆవిడా చెప్పలేదు.
ఆరున్నర బండి ఎప్పుడో వెళ్ళిపోయింది.
తొడుగులు విప్పి బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టాను.
"మీ వంతు" అంది. "పంచండి."